బిందె నడక

రెండో బిందెతో మూడో అంతస్తు మలుపు దాకా వచ్చేసరికి నాకు ఊపిరి ఆడలేదు. బిందెను మెట్టు మీద దించి గోడకు ఆనుకున్నాను. కింద నల్లా దగ్గర ఇంకో బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. గడ్డిఅన్నారంలో మా గల్లీకి రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగున్నరకు నీళ్లు వదులుతారు. ఆ నలభై నిమిషాలూ ఏ ఇంట్లోనూ మాటలుండవు. మెట్ల మీద అడుగుల చప్పుడే.

వదిన నన్ను దాటుకుని పైకి వెళ్లింది. నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద ఒక బిందె, నడుం మీద ఇంకోటి. నోరు మూసే ఉంది. ముక్కుపుటాలు మాత్రం మెల్లగా కదులుతున్నాయి.

"దించినవా?" అంది ఆగకుండానే. "మధ్యల దించద్దు పిల్లా. దించితె మల్ల ఎత్తేటోళ్లు ఎవరుంటరు?"

అన్న అప్పుడే నిద్ర లేచి గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పండ్ల మార్కెట్‌లో సరుకు మోసే డీసీఎం బండి నడుపుతాడు. మార్కెట్ మా ఇంటి పక్కనే ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి పోయేవాడు. అది బాటసింగారానికి తరలిపోయాక తెల్లవారుజామున మూడింటికి పోయి పగలు రెండింటికి వచ్చి పడుకుంటున్నాడు. నా రొప్పు విని నవ్వాడు.

"మూడంతస్తులకే గుండె బయటికొస్తున్నది. నువ్వు దొంగను పట్టేలోపట వాడు ఎల్బీనగర్ల బస్సెక్కి విజయవాడల దిగుతడు."

నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చి రెండు రోజులైంది. మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. ఇక దేహదారుఢ్య పరీక్ష. ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో పరుగెత్తాలి. ఒక్క సెకను దాటినా అక్కడి నుంచే ఇంటికి పంపిస్తారు. దూకుడుకూ గుండు విసురుడుకూ నాకు భయం లేదు. పరుగంటేనే భయం. మా ఊరి బడిలో ఆటల పీరియడ్ అంటే ఆడపిల్లలం చెట్టు కింద కూర్చుని మగపిల్లల చెప్పులకు కాపలా ఉండటమే.

అన్న నన్ను పట్నం తెచ్చుకున్నది ఈ ఒక్క నోటిఫికేషన్ కోసం. అమ్మ ఒప్పుకున్నదీ అంతవరకే. తప్పితే నల్గొండ బస్సెక్కి ఊరికి పోవాలి, పత్తి చేలల్లోకి. నాకు ఇరవై రెండేళ్లు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

పొద్దున్నే గ్రౌండ్‌కు పోతానంటే అన్న ఒక మాట పెట్టాడు. చీకట్ల ఒక్కదానివి పోవద్దు, మీ వదినె తోడొస్తది అన్నాడు. వదిన బిందెలోని నీళ్లు డ్రమ్ములో పోస్తూ విన్నది.

*

విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ పక్కనున్న పెద్ద గ్రౌండ్‌లో ఆ చలికాలమంతా ఐదున్నరకే విజిళ్లు మోగేవి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పిల్లలంతా అక్కడే. సున్నంతో గుండ్రంగా గీత గీసి ఉండేది, ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు. మా కోచింగ్ వాళ్లు పెట్టిన తిరుపతి సార్ సైన్యంలో చేసి వచ్చినవాడు. మెడలో ఒక విజిల్, చేతిలో స్టాప్‌వాచ్, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం.

మొదటి రోజు అందరితో పాటు నన్నూ ఉరికించాడు. విజిల్ వినగానే నేను ప్రాణం పెట్టి ఉరికాను. సగం చుట్టు దాకా ముందున్న ఐదారుగురిలో ఉన్నాను. ఒక చుట్టు అయ్యేసరికి కుడి డొక్కలో ఎవరో కొడవలి పెట్టినట్టు పోటు. రెండో చుట్టు సగం నడిచాను, సగం ఏడ్చాను. సార్ వాచీ చూపించాడు. ఆరు నిమిషాల ఇరవై ఏడు.

"ఫస్ట్ రౌండ్ రెండు నిమిషాల్ల కొట్టినవ్," అన్నాడు. "నీకు పెండ్లి భోజనం బంతి అయిపోతదని భయమా?"

పిల్లలు నవ్వారు. ఆ తర్వాత ఆయన అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఊపిరి ఛాతీతో కాదు, పొట్టతో తీయాలి. మూడడుగులు వేసేంతసేపు పీల్చి, రెండడుగులు వేసేంతసేపు వదలాలి. భుజాలు దించాలి, పిడికిలి బిగించొద్దు. డొక్కలో పోటొస్తే ఆగిపోకుండా కాస్త నెమ్మదించి, నోటితో పొడుగ్గా గాలి వదలాలి. మొదటి చుట్టు రెండు నిమిషాల ముప్పై ఐదు సెకన్లకు తగ్గకూడదు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగమే మొదటి చుట్టు వేగం. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకోవడం నాకు వచ్చు. మూడూ రెండూ లెక్కపెడుతూ ఉరకడమే రాలేదు. లెక్కపెడితే కాళ్లు తప్పేవి, కాళ్లు చూసుకుంటే లెక్క తప్పేది.

వదిన సిమెంటు గట్టు మీద శాలువా కప్పుకుని కూర్చునేది. ఇంటి తాళంచెవి పోకుండా పుస్తెలతాడుకున్న పిన్నీసుకు తగిలించుకునేది. నాలుగు రోజులు ఊరికే చూసింది. ఐదో రోజు తిరిగి వస్తుంటే, మూతబడ్డ పాత పండ్ల మార్కెట్ గోడ పక్కన అడిగింది.

"ఉరికేటప్పుడు ఎవరిని చూస్తున్నవ్?"

ముందు ఉరికేవాళ్లను అన్నాను.

"నీళ్లకు పోయినప్పుడు ముందటోళ్లను చూస్తె బిందె పడతది," అంది.

అలా మొదటిసారి తన ఊరి సంగతి చెప్పింది. వాళ్లది మర్రిగూడ దిక్కు. ఊళ్లో ఏ బోరు వేసినా ఫ్లోరైడు నీళ్లే. తాగే నీళ్లకు రెండు కిలోమీటర్లు పక్క ఊరి బావికి పోవాలి. ఎనిమిదేళ్ల పిల్లప్పటి నుంచి పోయిందట. నెత్తి మీదికి బిందెను ఎత్తడానికి బావి దగ్గర ఇంకొక మనిషి ఉంటుంది. దారి మధ్యలో ఎవరూ ఉండరు. దించితే అక్కడే కూర్చోవాలి, ఎవరైనా వచ్చేదాకా. అందుకని ఆడపిల్లలు అందరూ ఒకటే నడక నేర్చుకుంటారు. మొదట్లో ఎంత సత్తువ ఉన్నా వేగంగా పోరు. ఆఖర్లో ఎంత నొప్పి ఉన్నా ఆగరు. నోరు తెరిస్తే గొంతు ఎండుతుంది, రొప్పితే నీళ్లు తొణుకుతాయి. అందుకే ముక్కుతో పీల్చి, పెదవుల సందులోంచి ఊదుతారు.

"సార్ చెప్పింది గదే," అన్నాను నేను.

"సార్‌కు నెత్తి మీద బిందె లేదు గద," అంది వదిన.

*

మర్నాడు శాలువా మడిచి గట్టు మీద పెట్టింది. చుడీదార్ మీద చున్నీని నడుముకు బిగించింది. కాళ్లకు అన్న పాత కాన్వాస్ బూట్లు. ముందు భాగంలో గుడ్డ పేలికలు కుక్కుకుంది. ఆ బూట్లు ఎప్పుడు సంచిలో పెట్టుకుందో నేను చూడలేదు.

"నా పక్కన రా. ముందుకు పోయినవో చూడు," అంది.

అది పరుగనిపించలేదు నాకు. అందరూ మమ్మల్ని దాటుకుని పోతున్నారు. సార్ దూరం నుంచి, ఏందమ్మా బోనాల ఊరేగింపా అని అరిచాడు. వదిన ఆయన వైపు చూడలేదు. ఆమె అడుగు పడినప్పుడల్లా తాళంచెవి పుస్తెలకు తగిలి టిక్కుమనేది. టిక్కు టిక్కు టిక్కు పీల్చు, టిక్కు టిక్కు వదులు. నా లెక్కను ఆ చప్పుడు మోయడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టే పని లేకుండా పోయింది.

పావు చుట్టు అయ్యాక అడిగింది. "ఇయ్యాల ఏం కూర?"

"ఆనిగెపుకాయ," అన్నాను. ఇంట్లో ఉన్నది రాత్రి తెచ్చిన సొరకాయ ఒకటే.

"ఎట్ల వండుదాం?"

చెప్పబోయి దగ్గాను. వదిన ఇంకొంచెం నెమ్మదించింది. "ఊపిరి తెగకుండ చెప్పాలె. చెప్పలేకపోతె జోరు ఎక్కువైనట్టు."

అదే మా పద్ధతి అయింది. మొదటి చుట్టు అంతా కూర వండేవాళ్లం. నూనె కాగాలి, ఆవాలు చిటపటమనాలి, ఎల్లిపాయ దంచి వేయాలి, శనగపప్పు నానబోసి ఉండాలి. మాట మధ్యలో ఊపిరి తెగితే మళ్లీ నూనె దగ్గర నుంచి చెప్పాలి. పక్కన ఉరికే హాస్టల్ పిల్లలు మా మాటలు విని, అక్కా మాకు ఆకలేస్తుంది ఆపండి అనేవారు. రెండో చుట్టులో మాటలుండవు. వదిన ఒక్క అడుగు ముందుకు జరిగేది, అంతే. ఆ అడుగు అందుకోవడానికి నా వేగం దానంతటదే పెరిగేది.

నవంబరు మధ్యకు ఐదు నిమిషాల నలభై రెండుకు వచ్చాను. నెలాఖరుకు ఐదు ముప్పై. సార్ ఇప్పుడు జోకులు వేయడం మానేశాడు. ఒకరోజు వదినను కూడా వాచీ పెట్టి ఒంటరిగా ఉరికించాడు. ఆయనకు అనుమానం వచ్చింది కాబోలు. నాలుగు నిమిషాల పదహారు. నోట్లోని లవంగం ఉమ్మేసి, "నువ్వెందుకు అప్లై చెయ్యలేదమ్మా?" అని అడిగాడు. వదిన బూటులోంచి జారిన పేలికను లోపలికి కుక్కుకుంటూ, చేయలేదు సార్ అంది.

మా కింది వాటాలో ఇంటి యజమానులు శేషారత్నం గారు, రామారావు గారు ఉంటారు. తెనాలి వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చినవాళ్లు. రామారావు గారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో మూడు బంతుల డబ్బా ఇచ్చారు. గొట్టంతో గాలి పీలిస్తే లోపలి బంతులు లేస్తాయి. నాకు పనికొస్తుందని శేషారత్నం గారే తెచ్చి ఇచ్చింది. నేను రెండు బంతులు లేపగలిగాను. వదిన గొట్టం నోట్లో పెట్టుకుని మూడు బంతులనూ పైకి లేపి, కళ్లు మూసుకుని, వాటిని అలాగే నిలబెట్టింది. చాలాసేపు.

"మా ఆయన ఆరు నెలల నుంచీ మూడో బంతి కదపలేకపోయారే," అంది శేషారత్నం గారు. "నువ్వేమిటమ్మాయ్, గోలీలాడినట్టు ఆడేస్తున్నావు?"

వదిన నవ్వి గొట్టం కడిగి ఇచ్చేసింది. కానీ మెట్లెక్కుతూ ఒక మలుపు దగ్గర ఆగి ఎటో చూసింది. చేతిలో బిందె లేదు, ఏమీ లేదు. ఊరికే ఆగింది.

డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున మంచు బాగా పట్టింది. గీత కనబడలేదు. మేమిద్దరమే ఉన్నట్టుంది. ఆ రోజు వదిన కూర అడగలేదు. తానే మాట్లాడింది, మూడడుగులకు ఒక ముక్క చొప్పున.

"హాస్టల్ల చదివేటప్పుడు ఖోఖో ఆడేదాన్ని," అంది. "జోన్ పోటీలకు పోయినం. ఇంటర్ కాంగనె పెండ్లయింది."

నేను వింటూ ఉరికాను.

"గీ ఏడేండ్ల సంది ఉరుకుతనే ఉన్న. పాలకు ఉరికిన, గ్యాస్ బండికి ఉరికిన, మీ అన్న అన్నం డబ్బా పట్టుకోని బస్సు ఎనక ఉరికిన. ఎవరికో ఏదో అందియ్యనీకె ఉరికిన సంధ్యా. చేతుల ఏం లేకుండ ఉరుకుడు ఇదే."

అంత పొడుగు మాట ఒక్క చోట కూడా ఊపిరి తెగకుండా చెప్పిందని గమనించాను. ఆ రోజు నా టైము ఐదు నిమిషాల పద్దెనిమిది. సార్ విజిల్ రెండుసార్లు ఊదాడు. వదిన నా వీపు తట్టి, గట్టు మీది శాలువా తీసుకోకుండా ఇంకో చుట్టు వేసి వచ్చింది. నేను గట్టు మీద కూర్చుని, మంచులోంచి వచ్చే ఆ టిక్కు టిక్కుమనే చప్పుడును విన్నాను.

*

పట్నంలో మన ఊరివాళ్లు లేని గ్రౌండ్ ఉండదు. ఎవరో చూశారు. ఎవరో ఊళ్లో చెప్పారు. ఒక మధ్యాహ్నం అమ్మ అన్నకు ఫోన్ చేసింది. అన్న అన్నం ముందు కూర్చుని స్పీకర్ పెట్టాడు.

"సంధ్య ఉరికితె నౌకరికని చెప్పుకుంట," అంది అమ్మ. "కోడలు మొగోని బూట్లేసుకోని ఎందుకురుకుతున్నదని అడుగుతున్నరు సైదులూ. జానయ్య కొడుకు చూసొచ్చి కచ్చీరుకాడ అందరి ముందట చెప్పిండట. నేనేమని చెప్పాలె?"

వదిన వంటగట్టు దగ్గర పప్పు గుత్తితో ఎనుపుతోంది. గుత్తి ఆగలేదు. నేను మధ్యలో దూరి, వదిన పక్కన ఉరికితేనే నాకు టైము వస్తోందని, సార్ కూడా అదే అన్నాడని చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ చెప్పిన తర్వాత, వదిన పరుగును నా జేబులో వేసుకున్నట్టు అనిపించింది.

అన్న ఆలోచించాడు. చెడ్డవాడు కాదు అన్న. పెళ్లిలో తప్ప వదినను గట్టిగా ఒక మాట అన్నట్టు నాకు గుర్తు లేదు, అది కూడా ముహూర్తం దాటిపోతోందని. "పరీక్ష అయ్యేదాంక పోనియ్యే అమ్మా," అన్నాడు. "తర్వాత ఇంట్లనే ఉంటది."

ఫోన్ పెట్టేశాక వదిన అన్నకు పప్పు వడ్డించింది. తనంతట తానే ఇంకో గరిటె వేసింది. అన్న చాలని చెయ్యి అడ్డం పెట్టాడు.

*

నా పరీక్ష అంబర్‌పేటలోని పోలీసు మైదానంలో. తోడు వచ్చినవాళ్లను గేటు బయటే ఆపేశారు. నా చెవిపోగులు, చేతి దారం తీయించి వదినకు ఇచ్చారు. చీలమండకు టైము లెక్కించే చిప్పు కట్టారు. గేటు మూసేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. వదిన గోడ పక్కన నిలబడి ఉంది, నా చెప్పులు చేత్తో పట్టుకుని. ఆమె మెడలో తాళంచెవి ఎండకు మెరిసింది.

విజిల్ పడింది. ముప్పై మంది ఒక్కసారి కదిలారు. వాళ్లతో పాటు నేనూ. గాలి చెవుల్లో హోరుమంది. బాగా ఉరుకుతున్నాననే అనుకున్నాను. సగం చుట్టు దాటాక డొక్కలో సన్నగా మొదలైంది ఆ పోటు. అప్పుడు అర్థమైంది, నేను మళ్లీ ముందున్నవాళ్లను చూస్తున్నాను. నెల రోజులుగా నా వేగం నాది కాదు. నా పక్కన మోగే ఒక తాళంచెవిది. అది గోడ బయట ఉంది. నాకు సొంతంగా ఏ వేగమూ లేదు.

నెమ్మదించాను. పక్కనుంచి ఒకరి తర్వాత ఒకరు దాటిపోయారు. అంతమందిని అలా పోనివ్వడం ఆ రోజు నేను చేసిన కష్టమైన పని. పెదవుల సందులోంచి పొడుగ్గా గాలి ఊదాను. ఇవాళ ఏం కూర అని నన్ను నేనే అడిగాను.

ఆనిగెపుకాయ. లేతది చూసి తేవాలె. చెక్కు తీసి ముక్కలు కోయాలె. నూనె కాగినంక ఆవాలు. పైకే అంటున్నానని నాకు తెలియలేదు. పక్కన ఉరికే అమ్మాయి ఒకసారి నా వైపు భయంగా చూసింది. కరివేపాకు, ఎండుమిరపకాయ, ఎల్లిపాయ. మాట తెగలేదు. పోటు తగ్గింది. శనగపప్పు వేసి మూత పెట్టేసరికి మొదటి చుట్టు అయింది.

రెండో చుట్టులో వదిన ఒక్క అడుగు ముందుకు జరిగింది. ఆ అడుగు నేను చూశాను. అందుకున్నాను. మొదట్లో నన్ను దాటిపోయినవాళ్లు ఒక్కొక్కరే నడుము మీద చెయ్యి పెట్టుకుని నడుస్తూ ఎదురయ్యారు. వాళ్లను దాటుతుంటే సంతోషం కలగలేదు. దించకండి, దించకండి అని చెప్పాలనిపించింది.

ఐదు నిమిషాల పదకొండు సెకన్లు.

మిగతా రెండూ ముగించుకుని మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి వదిన అదే గోడ దగ్గర ఉంది. నా ముఖం చూసి అడగాల్సిన పని లేదనుకుంది. నా చెవిపోగులు తనే పెట్టింది. వేళ్లు చల్లగా లేవు. చుడీదార్ అంచులకు ఎర్రమట్టి. డిసెంబరు చలిలో ఆమె నుదుటి మీద చెమట ఆరిన ఉప్పు గీత ఉంది. ఆ గోడ చుట్టూ ఎన్నిసార్లు తిరిగావు వదినా అని అడగాలనుకుంటూనే చెప్పులు తొడుక్కున్నాను.

*

అన్న ఆ రాత్రి కిలో మటన్ తెచ్చాడు. ఊళ్లో అమ్మ ఐదిళ్లకు చక్కెర పంచింది. శేషారత్నం గారు వచ్చి, ఇక మా వీధికి దొంగల భయం లేదులే అంది. అందరూ నవ్వారు. తినేటప్పుడు అన్న నా ప్లేటులో ఎముక వేస్తూ, ఇక ఆఖరి రాత పరీక్షకు చదువుకో, పొద్దున లేచే తిప్పలు తప్పింది అన్నాడు. తర్వాత వదిన వైపు చూసి, మంచి మనసుతోనే అన్నాడు.

"నీకు గూడ పరేషాన్ తప్పింది. ఇగ ఇంత పండుకో. ఆ బూట్లు పాతసామానోళ్లకు ఏసెయ్."

వదిన సరేనన్నట్టు తల ఊపింది. గిన్నెలు కడిగాక బూట్లలోని పేలికలు తీసి, విదిలించి, మడిచింది. బూట్లను తడిగుడ్డతో తుడిచి, గోనెసంచిలో పెట్టి, అటక మీదికి తోసింది. పాతసామానువాడు వారానికి రెండుసార్లు గల్లీలోకి వచ్చేవాడు. వదిన ఆ కేక విన్నట్టు కనిపించేది కాదు.

జనవరి వచ్చింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పగలంతా కోచింగ్ క్లాసుల్లో ఉండేదాన్ని. ఐదింటికి మెలకువ వచ్చేది. కళ్లు తెరవకుండా పడుకునే వినేదాన్ని. వదిన కూడా లేచి ఉండేది. బోళ్లు తోముతుంటే పీచు చప్పుడు మూడుసార్లు పోయి, రెండుసార్లు వచ్చేది. బియ్యం కడిగినా అంతే. ఒకరోజు ఉండబట్టలేక, పోదామా వదినా అన్నాను.

"ఏమని పోదాం?" అంది.

నాకు పరీక్ష ఉన్నన్నాళ్లూ ఆమెకు ఒక పేరుండేది, తోడు అని. ఇప్పుడు ఆ పేరు లేదు.

ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి పోతే ఆలస్యంగా దిగడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను పైకి వెళ్లాను. బట్టలన్నీ తీసి, మడిచి, నీళ్ల ట్యాంకు మీద పెట్టి ఉన్నాయి. ఖాళీ తీగల కింద వదిన గోడవారన చుట్టూ పరుగు పెడుతోంది. ఉత్తకాళ్లతో. డాబా చిన్నది. పదడుగులకు ఒక మలుపు. మలుపు మలుపుకూ వేగం తెగుతోంది, మళ్లీ అందుకుంటోంది. నేను మెట్ల గది నీడలోనే ఉండిపోయాను. వదిన దూరంగా మెట్రో రైలు పోతున్న వైపు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం తల ఎత్తి చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఊళ్లో బడి చెట్టు కింద కూర్చుని మేం మగపిల్లల ఆట చూసిన చూపు.

రెండు రోజులకు శేషారత్నం గారు మెట్ల దగ్గర ఆపి, రామారావు గారికి పైన దబదబమంటూంటే గుండె దడగా ఉంటోందని, ఏమీ అనుకోవద్దని అంది. వదిన, ఇగ రాదులెండి ఆ చప్పుడు అంది. ఆ తర్వాత బట్టలు వెంటనే కిందికి వచ్చేవి.

*

నెలాఖరులో ఒక బుధవారం. నీళ్ల రోజు. క్లాసులు లేక నేను ఇంట్లోనే ఉన్నాను. కింద పట్టడం నా వంతు ముగించి పైకి వచ్చి, తెచ్చిన బిందెలు డ్రమ్ములో పోస్తున్నాను. అన్న గుమ్మంలో చాయ్ తాగుతున్నాడు. సంక్రాంతి తర్వాత బత్తాయి లోడ్లు తగ్గాయని, రేపు ఆలస్యంగా పోవచ్చని ఏదో చెబుతున్నాడు. ఇంటి ముందు గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇంకా బాగా ఎండ ఉంది.

వదిన ఆఖరి బిందెతో మెట్లెక్కి వచ్చింది. నెత్తి మీది బిందె. గుమ్మం దాకా వచ్చి ఆగింది. డ్రమ్ము ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది. నేను చేతులు చాపాను, అందుకుందామని. ఆమె నాకు ఇవ్వలేదు. మోకాళ్లు వంచి, ఒక్క చుక్క తొణకకుండా, ఆ నిండు బిందెను గుమ్మంలో అన్న పక్కన దించింది.

వదిన బిందెను దారిలో దించడం నేను అంతకుముందు చూడలేదు.

చుట్టబట్ట విప్పి దండెం మీద ఆరేసింది. స్టూలు వేసుకుని అటక మీది గోనెసంచి లాగింది. మా ముందే, గచ్చు మీద కూర్చుని, పేలికలు మడత విప్పి బూట్లలో కుక్కింది. తాళ్లు కట్టింది. ఒకటి చిన్నదైతే విప్పి మళ్లీ సమంగా కట్టింది. అన్న చేతిలోని గ్లాసు మూతి దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన నన్ను చూశాడు. నేను డ్రమ్ములోని నీళ్లను చూశాను.

చున్నీని నడుముకు బిగించి వదిన లేచింది. ఇంట్లో నేనున్నాను, అన్న ఉన్నాడు. తలుపుకు తాళం వేసే పని లేదు. అయినా గోడ మేకుకున్న తాళంచెవి తీసి పిన్నీసుకు తగిలించుకుంది. గుమ్మంలోని బిందెను దాటడానికి అన్న కాళ్లు పక్కకు జరుపుకోవాల్సి వచ్చింది. జరుపుకున్నాడు.

మెట్ల మీద ఆ టిక్కు టిక్కు చప్పుడు మొదట్లో కొంచెం తొందరగా వినిపించింది. రెండో అంతస్తు మలుపు దగ్గర కుదురుకుంది. మూడు, రెండు. మూడు, రెండు. గల్లీలో పిల్లలు ఆట ఆపి దారి ఇచ్చినట్టున్నారు.